షెడ్డులో లాండ్‌మాస్టర్

మావారి మీద నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యను. చేస్తే, ఎందుకు చేశానా అని ముందు నన్నే అనుమానిస్తారు. పోర్టు గేటు దగ్గర బయటికి పోయే లారీలను తనిఖీ చెయ్యడం ఆయన ఉద్యోగం. ప్రతి లారీలోనూ ఏదో ఒకటి దాగి ఉంటుందన్న నమ్మకంతో పొద్దున్నే వెళ్తారు. సాయంత్రం లారీలను అక్కడే వదిలేసి, నమ్మకాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుంటారు. పాలలో వేలు ముంచి చూస్తారు. కూరలమ్మి తక్కెడ కింద తడుముతారు. పెళ్ళిచూపుల్లో నేను బి.ఏ. ప్యాసయ్యానని మా నాన్న చెబితే, "సర్టిఫికెట్ ఉందాండీ?" అని అడిగిన మహానుభావుడు. అది చూసిన తరవాతే నన్ను చూశారు.

అటువంటి గురునాథరావుగారు ఎనభై మూడు వేసవిలో ఒక పాత కారును నమ్మాలా, ఇనుము కింద అమ్మెయ్యాలా అన్న చిక్కులో పడ్డారు.

కారు మా మామగారు శ్రీరామ్మూర్తిగారిది. లాండ్‌మాస్టర్. ఆయన పోయాక పెరట్లో రేకుల షెడ్డులోకి తోసి తలుపేశారు. నేను కాపురానికి వచ్చేసరికే అది కదలడం మానేసింది. ఒకప్పుడు ముదురు నీలం రంగట. నేను చూసేటప్పటికి సగం నీలం, సగం తుప్పు, ఆ రెంటి మీదా పోర్టు నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఎర్రదుమ్ము. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టి, మనవలను కూడా ఎత్తుకున్నాయి.

మా అత్తయ్య అప్పాయమ్మగారికి ఆ తుప్పు కనబడేది కాదు. "ఈయన కారు" అనేవారు, మామగారు అందులో కూర్చుని ఉన్నట్టే. షెడ్డు తాళంచెవి ఆవిడ బొడ్డులోంచి దిగేది కాదు.

నాకా, ఆ షెడ్డు మీద కన్ను. దాచడం దేనికి? వీధిలో పిల్లలకు వరండాలో ట్యూషన్ చెప్పేదాన్ని. వాన వస్తే పిల్లలూ, పుస్తకాలూ, ముక్కు చీదుళ్ళూ అన్నీ వంటింట్లోకి వచ్చేవి. కారు పోతే, షెడ్డులో రెండు బల్లలూ ఒక నల్లబోర్డూ పడతాయి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే తరవాత జరిగినదాంట్లో అనుమానం వరసగా తిరిగి తిరిగి నా దగ్గరా కాసేపు ఆగింది.

ఆ ఏడు రేకులు మార్చక తప్పలేదు. "కొత్త రేకులు దేనికి వేస్తున్నామో ముందు తేలాలి" అన్నారు మావారు.

"నానుండగా ఒక్కసారి ఆ కారులో సింహాచలం కొండెక్కాల. మరింక నాకేటొద్దు" అన్నారు అత్తయ్య.

తేల్చడానికి సిరాజ్ వచ్చాడు. మావారితో ఒకే బడిలో చదివినవాడు, కోటవీధి చివర కార్ల యార్డు ఉంది. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది.

"ఏటి బావా, ఇన్నాళ్ళకి నా మీద నమ్మకం కుదిరిందేటి?"

"చూడమన్నాను. నమ్మానని ఎప్పుడన్నాను?" అన్నారు మావారు.

సిరాజ్ బానెట్ లేపి, లోపలికి దూరి, ముక్కుతూ మూలుగుతూ ఏదో తిప్పాడు. మసి చేతులతో బయటికి వచ్చి ప్రకటించాడు. "ఇంజను బతికే ఉంది. నాను తిప్పితే తిరిగింది. మరోడు తిప్పితే తిరగదు. అది మనిషిని సూసి తిరగతాది."

"మరి బాడీ?"

"బాడీకేటి, రేకే కదా! కోసి అతికిత్తాను. పెళ్ళికూతుర్లా సేసి నీ గుమ్మంలో నిలబెడతాను."

ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పాడు. మావారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపటికీ తిరిగి పెట్టుకోకపోతే సిరాజ్ జాలిపడ్డాడు.

"బరువనిపిత్తే నాకిచ్చీ బావా. నా యార్డులో ఉంచుకుంటాను. ఆయన కారంటే నాకూ ఇష్టమే."

అక్కడ చేశాడు పొరపాటు. ఆ మాట మావారి గేటు దాటలేదు.

"వాడు అడిగాడంటే అందులో ఏదో ఉంది" అన్నారు ఆ సాయంత్రం.

"ఎలుకలున్నాయి" అన్నాను.

అయినా బోల్టులు వదులు చెయ్యడానికి సిరాజ్‌ను రానిచ్చారు. వాడు డబ్బాతో కిరసనాయిలు తెచ్చుకుని, బిగుసుకుపోయిన చోటల్లా పోసి నానబెట్టేవాడు. మావారు డ్యూటీకి వెళ్తూ, వంటింటి కిటికీలోంచి ఒక కన్నేసి ఉంచమని నాకు ఒప్పగించారు. ఉంచాను. రెండో కన్ను చేపల పులుసు మీద ఉంది కాబట్టి, కాపలా పూర్తిగా జరిగిందని ప్రమాణం చెయ్యలేను.

ఇంకొక మాట కూడా విందామని, కూర్మన్నపాలెం జంక్షన్‌లో స్టీల్‌ప్లాంటు లారీలకు రిపేర్లు చేసే ఎల్లాజీని పిలిపించారు. అతను కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, చెయ్యి కూడా వెయ్యకుండా తేల్చేశాడు.

"ఇది కారు కాదండి. కారుండిన సోటు. ఇనుం కింద ఇచ్చీయండి. తగరపువలసలో వరహాలని ఉన్నాడు, బండేసుకొచ్చి మరీ పట్టుకుపోతాడు."

అతను వెళ్ళగానే మావారు నా వైపు వంగారు. "ఆ వరహాలు దగ్గర వీడికి కమీషనుంది."

"అయితే సిరాజ్ మాట నిజమన్నమాట."

"అలా అని నేనన్నానా?"

బాగుచెయ్యమన్నవాడు దొంగ, పారెయ్యమన్నవాడు దొంగ. మధ్యలో కారొక్కటే నోరు మూసుకుని మర్యాదగా నిలబడింది.

చివరికి అత్తయ్య కోరికే గెలిచింది. మావారు అనుమానప్పక్షే గాని, తల్లి మాట దగ్గర మెత్తన. జ్యేష్ఠమాసంలో మంచిరోజు చూసి, కారుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి సిరాజ్ యార్డుకు తోయించాలని నిర్ణయమైంది. ఆ ఉదయం అత్తయ్య బొట్లు పెడుతుంటే, మావారికి ఎన్నడూ లేని ముచ్చట పుట్టింది. తండ్రి సీట్లో కూర్చుంటానన్నారు. కూర్చున్నారు. స్టీరింగు పట్టుకున్నారు. బ్రేకు మీద కాలు వేసి దర్జాగా నొక్కారు.

బ్రేకు కదల్లేదు. కింద నేల కదిలింది. పెళుసు అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఆయన కాలు మోకాలిదాకా దిగిపోయి, చెప్పు వెళ్ళి షెడ్డు నేల మీద ఆనింది. ఒక కాలు కారులోనూ, ఒక కాలు భూమ్మీదా పెట్టుకుని, "గౌరీ!" అని అరిచారు. నేను రెక్క పట్టుకుని, అత్తయ్య నడుం పట్టుకుని లాగాం. నాకు నవ్వు వచ్చిందని ఆయనకు ఇప్పటికీ అనుమానమే. నిరూపించలేకపోయారు.

కాలు బయటికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. కన్నం చుట్టూ ఇనుము నల్లగా, చెమ్మగా, పొరలు పొరలుగా లేస్తోంది. అంచుల వెంట తెల్లగా బూజులాంటిది పేరుకుంది. పక్కన వేలు పెట్టి నొక్కితే అక్కడా దిగిపోయింది.

"ఇది తుప్పు కాదు. పోసింది. ఆసిడ్ పోశాడు" అన్నారు మావారు.

"ఎవరు?"

"డబ్బా తెచ్చిందెవరు? కారు నాకిమ్మని అడిగిందెవరు?"

అత్తయ్య పసుపుగిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఒక్క మాటా అనలేదు. వీధిలో కుక్క మొరిగితే దాని ముత్తాత చరిత్ర చెప్పే మనిషి, ఆ రోజు ఒక్క మాటా అనలేదు. నాకది గుచ్చుకుంది.

మావారు చెప్పులు వేసుకుని కోటవీధికి వెళ్ళారు. యార్డులో పనివాళ్ళ ముందు, అక్కడ కారు దిగుతున్న డాక్టరు ముందు, గొంతెత్తి అనవలసినవన్నీ అనేసి వచ్చారు. మర్నాటికి మాట వన్‌టౌన్ అంతా తిరిగింది. డాక్టరుగారు తన కారును ఆ యార్డులోంచి తీయించేసుకున్నారని పాలవాడు చెప్పాడు. మా పక్కింటివాళ్ళూ సిరాజ్‌కు ఇచ్చిన స్కూటరు వెనక్కి తెచ్చుకున్నారు.

రెండు రోజులాగి సిరాజ్ వచ్చాడు. గేటు దాటలేదు. ఈసారి గొంతు మనిషి కంటే ముందు రాలేదు.

"రావుగారూ" అన్నాడు. బావ పోయి రావుగారు వచ్చింది. "కన్నం సూడాల. సూడనిత్తారా?"

మావారు షెడ్డు తెరిచారు, పక్కనే నిలబడ్డారు. సిరాజ్ వంగి చూసి, ఇనుప పెచ్చు ఒకటి విరిచి, వాసన చూసి పారేశాడు.

"కిరసనాయిలు ఇనుముని తినదు. ఇది నాను రాకముందు ఎప్పుట్నించో నానుతన్న తడి."

"తడి ఎక్కడిది? రేకులు ఇక్కడ కారవు."

"అది మీ ఇంటోళ్ళనడగండి. నానేటి సెప్పగలను?" వరండాలో ఉన్న నా వైపు, తలుపు వెనక ఉన్న అత్తయ్య వైపు చూశాడు. "ఒక్కటి సెప్తన్నాను. నేలంతా కోసి కొత్త ప్లేటు ఎయ్యొచ్చు. కారు బాగవుతాది. కానీ నాను ముట్టను. మీరు నా యార్డులో, నా పనోళ్ళ ముందర నన్ను దొంగన్నారు. ఎవలు సేసారో ఆ మనిషొచ్చి అక్కడే సెప్పాల. అప్పుడే దీని మీద సెయ్యేత్తాను. సలాం."

ఆ సాయంత్రం మావారు షెడ్డు తాళం మీద లక్కతో సీలు వేశారు. సాక్ష్యమట. తరవాత నన్ను విచారించారు.

"షెడ్డు నీకు కావాలి కదా?"

"కావాలి."

"నువ్వేమన్నా పోశావా?"

"నా బి.ఏ.లో కెమిస్ట్రీ లేదండి. చరిత్ర."

సర్టిఫికెట్ మళ్ళీ అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు.

మిగతా మెకానిక్కులెవరూ ఆ కన్నం చూశాక కారుకు చెయ్యి వెయ్యడానికి ఒప్పుకోలేదు. మావారు తగరపువలస వరహాలుకు కబురు పెట్టారు. శనివారం బండి తెస్తానన్నాడు. అత్తయ్య ఏడ్చి గోల పెడతారని ఎదురుచూశాను. పెట్టలేదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేవారు. "సింహాచలం రిక్షాలో వెళ్దాం లేమ్మా" అని కొడుకు అంటే, "అలాగేలే" అన్నారు. నా కాపురంలో ఆవిడ నోట అంత సులువుగా ఆ మాట వినడం అదే మొదలు. నేను అసలే గుడ్లప్పగించి చూసే రకం, ఇంకా బాగా అప్పగించాను.

అప్పటికే వానలు పట్టాయి. పెరడంతా పచ్చబడింది. గోంగూర లేచింది, బీరపాదు గోడ ఎక్కింది. షెడ్డు వెనక అరటిగుత్తి మాత్రం మాడిపోతోంది. ఆకుల అంచులు కాల్చినట్టు ఎర్రబడి, మొవ్వు కుళ్ళింది. వానలో ఎండిపోయే అరటిని నేను ఎక్కడా చూడలేదు. చూద్దామని అటు అడుగు వేశానో లేదో, వరండాలోంచి అత్తయ్య కేక.

"అటెల్లకే! జెర్రులున్నాయి."

"అరటి చచ్చిపోతోంది అత్తయ్యా."

"సావనీ. దాని వొయసయిపోనాది."

నిరుడు పాతిన అరటికి వయసైపోవడమేమిటి? ఆవిడ అసిరమ్మ గుడికి వెళ్ళేవరకూ ఆగి, గునపం పట్టుకెళ్ళాను. జానెడు లోతులోనే గుడ్డ తగిలింది. ఎర్రగుడ్డ మూట. దాని కింద మరొకటి. దాని పక్కన ఇంకొకటి. విప్పితే బూడిదరంగు ముద్ద, అందులో కుళ్ళిన ఎండుమిరపకాయలు. నాలిక్కి తగిలించి చూడవలసిన పని లేదు. చేతికి గీసుకున్న చోట పడి చురుక్కుమంది. ఉప్పు. రాళ్ళ ఉప్పు.

అక్కడే కూలబడి అర్థం చేసుకున్నాను. అమావాస్యలకు ఆవిడ ఇంట్లో అందరికీ దిష్టి తీస్తారు, మిరపకాయలూ ఉప్పూ ఎర్రగుడ్డలో కట్టి. మావి వెళ్ళి సముద్రంలో కలుపుతారు. కారుకు కూడా తీస్తున్నారన్నమాట. వీధిలో అందరి కళ్ళూ ఆ కారు మీదే పడి మామగారు పోయారని ఆవిడ ఒకటి రెండుసార్లు అన్నారు కూడా. అయితే కారుకు తగిలిన దిష్టిని ఇంట్లోంచి మోసుకుపోతే, దారిలో కొడుక్కి తగలదూ? అందుకని కారుది కారులోనే ఉంచారు. మామగారు కూర్చునే సీటు కింద, ఏళ్ళ తరబడి. మా ఊరి గాలికి వంటింటి జాడీలో ఉప్పే ఆషాఢంలో చెమర్చి నీరవుతుంది. అక్కడ అన్నేసి మూటలు రోజూ చెమర్చి, రోజూ కారి, ఇనుమును కూర్చోబెట్టి తినేశాయి. సిరాజ్‌ను పిలిచామనగానే, పరాయివాడి చెయ్యి దిష్టి ఉప్పు మీద పడకూడదని తెల్లవారుజామునే గంపలో ఎత్తి ఇక్కడ పాతేశారు. ఆవిడ ఆ గంపతో వస్తుంటే పేడకు వెళ్ళారనుకున్నాను నేను.

గునపం పక్కన పెట్టి కాసేపు షెడ్డు వైపు చూశాను. శనివారం ఎంతో దూరం లేదు. మట్టి మళ్ళీ కప్పేసి చేతులు కడుక్కుంటే చాలు. వరహాలు బండి వస్తుంది, వెళ్తుంది. వెలుతురు ఎడమవైపు నుంచి పడుతుంది కాబట్టి, నల్లబోర్డు ఏ గోడకు కొట్టాలో కూడా చూసి పెట్టుకున్నాను.

తరవాత ఆ గుడ్డలన్నీ బావి దగ్గరకు తీసుకెళ్ళి, సబ్బు పెట్టి ఉతికాను.

అత్తయ్య గుడి నుంచి వచ్చేసరికి దండెం మీద ఆవిడ తెల్లచీర పక్కన ఎర్రగుడ్డలు వరసగా ఆరుతున్నాయి. ఆవిడ ఆగారు. కుంకుమ పొట్లం చేతిలో నలిగింది.

"ఏటివి?"

"గుడ్డలు అత్తయ్యా. అరటి కింద దొరికాయి. మసిగుడ్డలకి పనికొస్తాయని."

ఆవిడ గుడ్డలను చూశారు. నన్ను చూశారు. మెట్టు మీద కూర్చున్నారు.

"కాఫీ ఉందేటి?"

తెచ్చి ఇచ్చాను. గ్లాసు సగం అయ్యేదాకా ఊదుకుంటూ తాగారు.

"మీ ఆయనకి సెప్పేవా?"

"ఏం చెప్పాలి? గుడ్డలు ఉతికానని చెప్పనా?"

"నీకా షెడ్డు కావాల కదే."

"కావాలి."

"మరెందుకు ఉతికేవు?"

"మురిగ్గా ఉన్నాయి అత్తయ్యా."

ఆవిడ మిగతా కాఫీ తాగి, గ్లాసు బోర్లించి లోపలికి వెళ్ళారు. ఆ పూట అన్నం మారు వడ్డించుకున్నారు.

శుక్రవారం మావారికి సెలవు. పొద్దున్నే అత్తయ్య గంజి పెట్టిన చీర కట్టుకుని వరండాలోకి వచ్చారు.

"ఒరే గురూ, రిక్షా పిలు. సిరాజ్ యార్డుకెల్లాల."

మావారి ముఖం వెలిగింది. "అదీ! వాడి మొహం మీదే అడగాలి. నువ్వడిగితే వాడు తప్పించుకోలేడమ్మా."

"బేగి పిలు. ఎండెక్కిపోతాది."

నేను కూడా ఎక్కాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. దారిపొడవునా మావారు ఏమేం అడగాలో తల్లికి నేర్పుతూనే ఉన్నారు. ఆవిడ పోర్టు క్రేన్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

యార్డులో సగం చోటు ఖాళీగా ఉంది. డాక్టరుగారి కారు ఉండే చోట నూనె మరక మాత్రం మిగిలింది. మూలన ఒక జీపు డోరు మీద ఇద్దరు పనివాళ్ళు సుత్తులతో సొట్టలు తీస్తున్నారు. టంగు టంగుమని చెవులు గింగురుమంటున్నాయి. సిరాజ్ మమ్మల్ని చూసి లేచాడు, అత్తయ్యకు స్టూలు జరిపాడు. మావారి వైపు చూడలేదు.

"చూడు సిరాజ్" అని మావారు మొదలుపెట్టారు.

"నువ్వుండరా" అన్నారు అత్తయ్య.

స్టూలు మీద కూర్చోలేదు. కొంగు భుజం చుట్టూ బిగించి, నేల వైపు చూస్తూ పెదవులు కదిపారు. పక్కనే ఉన్న నాకే వినబడలేదు.

సిరాజ్ చేతులు కట్టుకున్నాడు. గొంతులో కోపం లేదు. దయ కూడా ఏమీ లేదు.

"గట్టిగా సెప్పాలమ్మా. నన్నన్నది గట్టిగానే అన్నారు."

పనివాళ్ళను ఆగమని చెప్పలేదు. అత్తయ్య తల ఎత్తారు. కొడుకును చూడలేదు, నన్నూ చూడలేదు. సుత్తుల మీదుగా, మా పెరట్లోంచి వీధి చివరిదాకా వినిపించే ఆ పాత గొంతు తెరిచారు.

"కారుకి దిష్టి తీసి ఉప్పుమూటలు సీటు కింద పెట్టింది నానే! ఇన్నేళ్ళూ నానే పెట్టేను! ఈ గుంటడేటి సెయ్యలేదు!"

ఒక సుత్తి ఆగింది. రెండోది గాల్లో ఉండిపోయింది. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"నిన్ను దొంగంతంటే తలుపెనకాల నిలబడి ఇన్నాను. అప్పుడే సెప్పాల. సెప్పలేదు. తప్పు నాది రా సిరాజూ. నాది."